బంతి పడకముందు ఏం చేశాడు? – కోచ్‌ల అంచనా కోసం ఒక ఉద్యమ ప్రణాళిక

ఎన్‌బీఏలో ఏటా ఉత్తమ కోచ్‌కి ఇచ్చే ట్రోఫీ రెడ్ అవర్‌బాక్ పేరు మీద ఉంది. బోస్టన్ సెల్టిక్స్‌కి కోచ్‌గా 9 టైటిళ్లు తెచ్చిన ఆ మనిషికి ఆ అవార్డు దక్కింది ఒక్కసారే, 1965లో. అవార్డు మొదలైందే 1962–63 సీజన్లో కాబట్టి ఆయన సంగతి సరిపెట్టుకోవచ్చు. మరి 11 టైటిళ్లు గెలిచిన ఫిల్ జాక్సన్‌కీ ఒక్కసారే వచ్చింది. యూటా జాజ్‌ని 1988 నుంచి 2011 దాకా నడిపి, కెరీర్ మొత్తం మీద 1,221 మ్యాచ్‌లు గెలిచిన జెర్రీ స్లోన్‌కి అసలు రానేలేదు. 2008 నుంచి మయామీ హీట్‌ని నడుపుతూ ఆరుసార్లు ఫైనల్స్‌కి తీసుకెళ్లిన ఎరిక్ స్పోల్‌స్ట్రాకి 2024–25 సీజన్ ముగిసేనాటికీ రాలేదు. కానీ 2022లో, 75వ సీజన్ సందర్భంగా లీగ్ తన చరిత్రలోని 15 మంది గొప్ప కోచ్‌ల పేర్లు ప్రకటిస్తే, స్లోన్, స్పోల్‌స్ట్రా ఇద్దరూ అందులో ఉన్నారు. ఏ ఒక్క ఏడాదీ ఉత్తముడు కానివాడు మొత్తం చరిత్రలో ఉత్తముల వరసలో ఎలా నిలబడ్డాడు?

అటు వైపు కథ ఇంకా విడ్డూరం. 2017–18లో టొరంటో రాప్టర్స్ 59 మ్యాచ్‌లు గెలిచింది. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో క్లీవ్‌లాండ్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడింది. మే నెలలో కోచ్ డ్వేన్ కేసీని ఇంటికి పంపారు. జూన్‌లో అదే కేసీని ఆ సీజన్ ఉత్తమ కోచ్‌గా ప్రకటించారు. 2013లో డెన్వర్ కోచ్ జార్జ్ కార్ల్ విషయంలో వరస మారిందంతే: ముందు అవార్డు, నెల తిరిగేసరికి ఉద్వాసన. ఒకే మనిషి, ఒకే పని, ఒకే ఏడాది. ఓటు వేసినవాళ్లకి మహా కోచ్‌గా కనిపించినవాడు జీతం ఇచ్చేవాళ్లకి పనికిరానివాడయ్యాడు. ఈ రెండు తీర్పుల వెనకా నిలబడి వాదించగల కొలత మాకు కనపడలేదు.

అందుకే ఈ ఉద్యమం. మేం తెలుగులో బాస్కెట్‌బాల్ మాట్లాడుకునేవాళ్లం. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో తెల్లవారుజామున అలారం పెట్టుకుని మ్యాచ్ చూసి, ఆ తర్వాత ఆఫీసుకో కాలేజీకో పరుగెత్తేవాళ్లం కొందరం. డాలస్‌లో, న్యూజెర్సీలో, బే ఏరియాలో పిల్లల్ని పడుకోబెట్టి టీవీ ముందు కూర్చునేవాళ్లం కొందరం. స్కూల్ గ్రౌండ్‌లో పీఈటీ సార్ దగ్గర లే-అప్ నేర్చుకున్నవాళ్లు మాలో ఉన్నారు, ఎప్పుడూ బంతి ముట్టనివాళ్లూ ఉన్నారు. ఆటగాళ్ల గురించి మేం గంటలకొద్దీ వాదించుకోగలం. ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారో, ఎంత శాతంతో కొట్టారో వేళ్ల మీద ఉంటుంది. కోచ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా మాటలు రెండే: గెలిస్తే "మహానుభావుడు", ఓడితే "తీసేయాలి". ఈ బీదతనం మాకు నచ్చలేదు. ఒక మనిషి పాతికేళ్ల కష్టాన్ని రెండు ముక్కల్లో తేల్చడం అన్యాయం.

మా మాట ఒక్కటే. కోచ్‌ని తన చేతిలో ఉన్న నిర్ణయాలతో తూచాలి. ఆ నిర్ణయం తర్వాత బంతి ఎటు పడిందన్నదానితో తూచకూడదు. పంట చూసి రైతును మెచ్చుకునేవాడు ఆ ఏడు వాన ఎంత పడిందో కూడా అడగాలి. కోచ్ విషయంలో ఆ రెండో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. దాన్ని అడగడం మా పని.

28 సెకన్లు

2013 జూన్ 18, మయామీ. ఫైనల్స్ ఆరో మ్యాచ్. సిరీస్‌లో మయామీ హీట్ మీద శాన్ ఆంటోనియో స్పర్స్ 3–2తో ముందుంది. 28 సెకన్లు మిగిలి ఉండగా స్కోరు 94–89, ఆధిక్యం స్పర్స్‌దే. కప్పు ఇచ్చే తతంగం కోసం సిబ్బంది అప్పటికే కోర్టు చుట్టూ పసుపు తాడు తెచ్చి పట్టుకున్నారు. స్పర్స్ కోచ్ గ్రెగ్ పోపోవిచ్ తన జట్టులోని గొప్ప రీబౌండర్ టిమ్ డంకన్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టాడు.

ఎందుకు? హీట్‌కి కావాల్సింది మూడు పాయింట్ల షాట్. వాళ్ల సెంటర్ క్రిస్ బాష్ కూడా దూరం నుంచి కొట్టగలడు. 37 ఏళ్ల డంకన్ మూడు పాయింట్ల గీత (ఆర్క్) దాకా వెళ్లి షూటర్ల వెంట తిరగాలంటే కష్టం. ఒకే ఎత్తున్న, కాళ్లు చురుకైన ఐదుగురు ఉంటే స్క్రీన్ పడ్డ ప్రతిసారీ మనిషిని మార్చుకుంటూ ఆర్క్ అంతా మూసేయొచ్చు. దానికి చెల్లించే ధర రీబౌండ్. షాట్ తప్పితే, రింగ్ కింద ఎత్తైన మనిషి ఉండడు.

లెబ్రాన్ జేమ్స్ షాట్ తప్పింది. రీబౌండ్ హీట్‌కే దొరికింది, బంతి మళ్లీ లెబ్రాన్ చేతికి వచ్చింది, ఈసారి పడింది. 94–92. కవాయ్ లెనర్డ్ రెండు ఫ్రీ త్రోల్లో ఒకటి వేశాడు. 95–92. డంకన్ మళ్లీ బయటే. లెబ్రాన్ మళ్లీ తప్పాడు. బాష్ గాల్లోకి లేచి రీబౌండ్ అందుకున్నాడు. రే ఆలెన్ చూపు బంతి మీదే ఉంచి వెనక్కి అడుగులేసుకుంటూ కుడి కార్నర్‌లో గీత బయటికి చేరాడు, బాష్ పాస్ అందుకుని షూట్ చేశాడు. 5.2 సెకన్లు మిగిలి ఉండగా 95–95. ఓవర్‌టైమ్‌లో హీట్ 103–100తో గెలిచింది. ఏడో మ్యాచ్ కూడా గెలిచి కప్పు పట్టుకెళ్లింది.

ఆ రాత్రి నుంచి ఇవాళ్టి దాకా "డంకన్‌ని ఎందుకు కూర్చోబెట్టావు?" అన్న ప్రశ్న పోపోవిచ్ వెంటపడుతూనే ఉంది. మా తీర్పు వినండి. మొదటిసారి కూర్చోబెట్టడం సరైన నిర్ణయమే. ధర ముందే తెలిసి, ఆ ధర కట్టడానికి సిద్ధపడి తీసుకున్నది. రెండోసారి దగ్గర మాత్రం మాకు అభ్యంతరం ఉంది. సెకన్ల ముందే ఆ ధర ఎంతో కళ్ల ముందు కనపడింది. మూడు పాయింట్ల ఆధిక్యం చేతిలో ఉన్నప్పుడు కావాలని ఫౌల్ చేసి, హీట్‌ని రెండు ఫ్రీ త్రోలకు కట్టడి చేసే దారి కూడా ఉంది. అదే ఐదుగురితో అదే పందెం మళ్లీ కాయడంలో ఆలోచన కంటే అలవాటు ఎక్కువ పనిచేసిందని మా అభిప్రాయం. బాష్ వేళ్లకు ఆ బంతి అంగుళం దూరంలో జారిపోయి, స్పర్స్ కప్పు గెలిచి ఉన్నా మేం ఇదే రాస్తాం. ఫలితం మారితే మారిపోయే తీర్పు తీర్పే కాదు.

ఇక ఆలెన్ వెనకడుగులు. ఆ షాట్ ఆలెన్ ఏళ్ల తరబడి ఒంటరిగా సాధన చేసుకున్నది. అది ఆటగాడి ఖాతా. స్పోల్‌స్ట్రాకి అందులో వాటా ఇవ్వం, పోపోవిచ్ నుంచి కోసుకోం.

గెలుపు ఎవరి ఖాతాలో?

మరుసటి ఏడాది ఫైనల్స్‌లో మళ్లీ అవే రెండు జట్లు. రెండు మ్యాచ్‌లయ్యాక 1–1. మూడో మ్యాచ్‌కి పోపోవిచ్ తన సెంటర్ టియాగో స్ప్లిటర్‌ని బెంచ్‌కి పంపి, బోరిస్ డియావ్‌ని మొదటి ఐదుగురిలో పెట్టాడు. డియావ్ ఎవరు? 2012లో షార్లెట్ బాబ్‌క్యాట్స్ సీజన్ మధ్యలో వదిలేసుకున్న ఆటగాడు. వేగం లేదు, ఎత్తుకి ఎగరడు, కానీ బంతి చేతికొస్తే ఖాళీగా ఉన్న మనిషి ఎక్కడున్నాడో తెలుసు. మూడో మ్యాచ్ మొదటి సగంలో స్పర్స్ 71 పాయింట్లు చేసింది, వేసిన షాట్లలో 75.8 శాతం పడ్డాయి. ఆ మ్యాచ్ 19 పాయింట్ల తేడాతో, తర్వాతది 21తో, చివరిది 17తో గెలిచి 4–1తో కప్పు తీసుకుంది.

ఇక్కడ షాట్లు పడటం అదృష్టం కావచ్చు. డియావ్‌ని తెచ్చుకోవడం, రెండేళ్లు ఓపిగ్గా తనకు తగ్గ చోటు చూపించడం, సరిగ్గా అవసరమైన రోజున ముందుకు తేవడం మాత్రం కోచ్ చేతి పని. మేం తూచాలనుకునేది దాన్ని.

ఈ కథకు కొసరు ఉంది. 2015 ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 1–2తో వెనకబడింది. కోచ్ స్టీవ్ కెర్‌కి అదే మొదటి సీజన్. అసిస్టెంట్ల వరసలో చివరన, వీడియోలు చూసే పనిలో ఉన్న నిక్ యురెన్ అనే కుర్రవాడు ముందటేడాది ఫైనల్స్ మళ్లీ చూసి ఒక సలహా ఇచ్చాడు: సెంటర్ ఆండ్రూ బోగట్‌ని తీసి, ఆండ్రీ ఇగ్వడాలాని మొదటి నుంచి ఆడిద్దాం అని. ఆ సీజన్‌ రెగ్యులర్ మ్యాచ్‌ల్లో ఇగ్వడాలా ఒక్కదాంట్లోనూ మొదటి ఐదుగురిలో లేడు. కెర్ ఒప్పుకున్నాడు. నాలుగో మ్యాచ్ 103–82. వరసగా మూడు గెలిచి కప్పు. ఫైనల్స్‌లో మేటి ఆటగాడు ఇగ్వడాలా. ఆ నాలుగో మ్యాచ్ అయ్యాకే కెర్ విలేఖరుల ముందు కూర్చుని ఆ ఆలోచన యురెన్‌దని పేరు పెట్టి చెప్పాడు.

మా దృష్టిలో ఆ సిరీస్‌లో కెర్ సంపాదించిన అతిపెద్ద మార్కు అదే. ఆలోచన తనది కాకపోవచ్చు. అందరికంటే చిన్న ఉద్యోగి మాట ప్రధాన కోచ్ చెవి దాకా వచ్చే దారి ఆ జట్టులో తెరిచి ఉంది. అలాంటి గది కట్టడం కోచింగే.

అదే కెర్‌కి తర్వాతి ఏడాది ఉత్తమ కోచ్ అవార్డు వచ్చింది. ఆ సీజన్ వారియర్స్ రికార్డు 73–9. కానీ వెన్ను శస్త్రచికిత్సల తర్వాతి బాధతో కెర్ మొదటి 43 మ్యాచ్‌లకు బెంచ్ మీద లేడు. అసిస్టెంట్ ల్యూక్ వాల్టన్ నడిపాడు. వరసగా 24 గెలుపులతో మొదలుపెట్టి 39–4 చేశాడు. లీగ్ లెక్కల్లో ఆ 39 గెలుపులూ కెర్ ఖాతాలో పడ్డాయి. ఆ మ్యాచ్‌ల మీదే వాల్టన్‌కి పశ్చిమ కాన్ఫరెన్స్ నెల ఉత్తమ కోచ్ గుర్తింపు ఇచ్చారు, అతని పేరున అధికారికంగా ఒక్క గెలుపూ లేకుండానే! కెర్ గొప్ప కోచ్ కాడని మేం అనం. బెంచ్ మీద తను లేకున్నా జట్టు తను నేర్పిన ఆటే ఆడిందంటే అది అతని గొప్పతనానికి రుజువు కూడా. కానీ ఆ వాదన ఎవరో ఒకరు రాయాలి కదా. 39 గెలుపుల్ని చడీచప్పుడు లేకుండా ఒక గడి నుంచి ఇంకో గడికి మార్చేస్తే సరిపోతుందా?

ఆశ్చర్యానికి ఇచ్చే బహుమతి

ఈ అవార్డు ఎలా నడుస్తుందో చెప్పాలి. విలేఖరులు, వ్యాఖ్యాతలు కలిసిన బృందం రెగ్యులర్ సీజన్ అవగానే, ప్లేఆఫ్స్ మొదలవకముందే ఓటు వేస్తుంది. ఒక్కొక్కరు మూడు పేర్లు రాస్తారు. మొదటి స్థానానికి 5, రెండోదానికి 3, మూడోదానికి 1 పాయింటు. వాళ్ల నిజాయితీ మీద మాకు అనుమానం లేదు. కానీ 82 మ్యాచ్‌ల రెగ్యులర్ సీజన్‌లో ఒక జట్టు మీద అక్టోబర్‌లో ఉన్న అంచనాకీ ఏప్రిల్‌లో వచ్చిన లెక్కకీ మధ్య తేడానే చాలాసార్లు విజేతను తేలుస్తుంది. ఎవరు ఎక్కువ ఆశ్చర్యపరిస్తే వాళ్లకి బహుమతి. ఏటా బాగా ఆడించేవాడు ఎవర్నీ ఆశ్చర్యపరచడు. అదే అతని నేరం.

స్లోన్‌కి జరిగింది ఇదే. 1996–97లో జాజ్ 64 గెలిచింది. అవార్డు మయామీలో 61 గెలిచిన పాట్ రైలీకి. మరుసటి ఏడాది జాజ్ 62. అవార్డు ఇండియానాలో 58 గెలిచిన, కోచ్‌గా మొదటి ఏడాదిలో ఉన్న లారీ బర్డ్‌కి. సరే, "స్టాక్టన్, మలోన్ ఉంటే ఎవరైనా గెలుస్తారు" అన్నారు. 2003లో జాన్ స్టాక్టన్ రిటైరయ్యాడు, కార్ల్ మలోన్ లేకర్స్‌కి వెళ్లిపోయాడు. జాజ్ లీగ్‌లో అడుగున ఉంటుందని చాలామంది రాశారు. స్లోన్ ఆ కుర్ర జట్టుతో 42–40 చేశాడు, చివరిదాకా ప్లేఆఫ్స్ పోటీలో నిలిపాడు. ఆశ్చర్యమే కావాలంటే అంతకంటే ఏం కావాలి? ఆ ఏడాది అవార్డు మెంఫిస్‌లో 50 గెలిపించిన హ్యూబీ బ్రౌన్‌కి వెళ్లింది. బ్రౌన్ అర్హుడే, ఆ విషయంలో పేచీ లేదు. మా పేచీ 23 సీజన్లలో ఒక్కటి కూడా స్లోన్‌ది కాకుండా పోవడం మీద. ఆటగాళ్లు మారినా అదే పిక్ అండ్ రోల్, బుట్ట వైపు అవే పదునైన పరుగులు, అదే కాఠిన్యం. జాజ్ ఆట చూసిన ఎవరికైనా జెర్సీ మీద పేరు చదవకుండానే అది స్లోన్ జట్టని తెలిసిపోయేది.

ఫిల్ జాక్సన్ దగ్గరికి వద్దాం. మైకేల్ జోర్డన్, స్కాటీ పిపెన్, తర్వాత షకీల్ ఒనీల్, కోబీ బ్రయంట్. ఇంతమంది ఉంటే ఎవరైనా గెలుస్తారని ఆయన్ని తోసిపుచ్చేవాళ్లు చాలామంది. 1,155 గెలుపులు, 485 ఓటములు, 70 శాతం పైన సగటు చూపించి నెత్తిన పెట్టుకునేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ చూడాల్సిన సీజన్ 1993–94. ముందటేడాది జాక్సన్ నడిపిన బుల్స్ 57 గెలిచి కప్పు తీసుకుంది. అక్టోబర్‌లో, సీజన్ మొదలయ్యే ముందు, జోర్డన్ ఆట మానేశాడు. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడు లేని ఆ జట్టుతో జాక్సన్ 55 గెలిపించాడు. జోర్డన్‌తో తన మొదటి సీజన్‌లో గెలిచినవీ 55. అసిస్టెంట్ టెక్స్ వింటర్ నేర్పిన ట్రయాంగిల్ పద్ధతిలో బంతి ఒక మనిషి కోసం ఆగదు, ఐదుగురి మధ్య తిరుగుతుంది. ఆ ఒక్క మనిషి పోయినా ఆట నిలబడటానికి అది ముఖ్య కారణమని మేం నమ్ముతాం. ఆ సీజన్‌లో కప్పు రాలేదు. రెండో రౌండ్‌లో న్యూయార్క్ చేతిలో ఏడు మ్యాచ్‌ల్లో ఓడారు. జాక్సన్ గొప్పతనానికి మాకు దొరికిన అన్నిటికంటే బలమైన సాక్ష్యం, ఆయన కప్పు గెలవని ఏడాది.

పోయిన కోచ్, వచ్చిన కోచ్

కోచ్ వల్ల నిజంగా తేడా వస్తుందా అని అడిగేవాళ్లకి ఈమధ్యే మంచి కేసు దొరికింది. 2021–22లో ఫీనిక్స్‌ని 64–18 చేసి ఉత్తమ కోచ్ అయిన మాంటీ విలియమ్స్, 2023లో ఫీనిక్స్ తీసేశాక, భారీ ఒప్పందంతో డెట్రాయిట్‌కి వచ్చాడు. డెట్రాయిట్ వరసగా 28 మ్యాచ్‌లు ఓడింది. సీజన్ 14–68తో ముగిసింది. విలియమ్స్‌ని పంపేశారు. అదే వేసవిలో క్లీవ్‌లాండ్ 48 మ్యాచ్‌లు గెలిపించిన కోచ్ జె.బి. బికర్‌స్టాఫ్‌ని చాలడని పంపేసింది. బికర్‌స్టాఫ్ డెట్రాయిట్‌కి వెళ్లి 14 గెలుపుల జట్టుని 44కి తెచ్చాడు. క్లీవ్‌లాండ్‌లో అతని చోటికి వచ్చిన కెన్నీ అట్కిన్సన్ దాదాపు అదే జట్టుతో 64 గెలిచి ఉత్తమ కోచ్ అయ్యాడు.

ఈ ముగ్గురిలో ఎవరు మంచి కోచ్? ఆవేశపడొద్దు. డెట్రాయిట్‌లో 30 గెలుపులు పెరిగాయి కదా అని మొత్తం బికర్‌స్టాఫ్‌కి రాసివ్వలేం. టోబయాస్ హారిస్, మాలిక్ బీస్లీ, టిమ్ హార్డవే జూనియర్ లాంటి అనుభవమున్న షూటర్లు కొత్తగా వచ్చారు. కేడ్ కన్నింగ్‌హామ్‌కి డ్రైవ్ చేయడానికి చోటు దొరికింది. ఆ షూటర్లు విలియమ్స్ దగ్గర లేరు. అయితే సీజన్ మొదట్లో జేడన్ ఐవీని బెంచ్‌లో పెట్టి కిలియన్ హేస్‌ని ఆడించిన నిర్ణయం పూర్తిగా విలియమ్స్‌దే, అది తప్పేనని అంటాం. క్లీవ్‌లాండ్ కేసు ఇంకా స్పష్టం: మనుషులు దాదాపు వాళ్లే కాబట్టి 16 గెలుపుల పెంపులో పెద్ద వాటా అట్కిన్సన్‌దే. బికర్‌స్టాఫ్ అక్కడ కట్టిన డిఫెన్స్ పునాది మీదే ఆ పెంపు వచ్చిందని కూడా పక్కనే రాయాలి. ఒకచోట చాలని కోచ్ ఇంకోచోట సరిగ్గా కావాల్సిన కోచ్ కావచ్చు. "ఉత్తమ" అన్న మాట పక్కన "ఏ జట్టుకి, ఏ దశలో" అన్నది రాయకుండా మేం దాన్ని వాడం.

తీసివేతల మీద ఒక మాట. 2023లో డెన్వర్‌కి మొట్టమొదటి కప్పు తెచ్చిన మైకేల్ మలోన్‌ని 2025 ఏప్రిల్‌లో, రెగ్యులర్ సీజన్‌లో మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగా తీసేశారు. 2021లో మిల్వాకీకి కప్పు తెచ్చిన మైక్ బూడెన్‌హోల్జర్ రెండేళ్లకే పోయాడు. తీసివేత యాజమాన్యం నిర్ణయం. దాన్ని కోచ్ మార్కుల పట్టీలో మైనస్‌గా వేయడం మేం ఒప్పుకోం.

బూడెన్‌హోల్జర్‌ని ఓడించింది ఎవరో గుర్తుందా? స్పోల్‌స్ట్రా. 2023లో ఎనిమిదో సీడ్‌గా, ప్లే-ఇన్ దాటుకుని వచ్చిన మయామీ, తూర్పులో మొదటి సీడ్ మిల్వాకీని ఐదు మ్యాచ్‌ల్లో పంపించి, చివరికి ఫైనల్స్‌కి చేరింది. గేబ్ విన్సెంట్, మ్యాక్స్ స్ట్రస్, కేలబ్ మార్టిన్, డంకన్ రాబిన్సన్ – డ్రాఫ్ట్‌లో ఏ టీమూ పేరు పిలవని ఆటగాళ్లు వీళ్లు. 1995లో వీడియో గదిలో పనికి చేరిన మనిషి, లీగ్ వద్దనుకున్నవాళ్లని ఫైనల్స్ ఆటగాళ్లుగా తీర్చాడు. 2016–17లో ఇంకో ముచ్చట: సగం సీజన్‌కి 11–30, మిగతా సగం 30–11. మొత్తం 41–41, ప్లేఆఫ్స్ కూడా అందలేదు. విలేఖరుల అవార్డు హ్యూస్టన్ కోచ్ మైక్ డాంటోనీకి వెళ్లింది. అదే ఏడాది కోచ్‌ల సంఘం తమ సొంత ఓటింగ్ మొదలుపెట్టింది. ఒక్కో కోచ్‌కి ఒక ఓటు, తనకి తాను వేసుకోకూడదు. ఆ తొలి అవార్డుని డాంటోనీ, స్పోల్‌స్ట్రా పంచుకున్నారు. ప్లేఆఫ్స్‌కి రాని కోచ్‌లో గొప్పతనం చూసింది ఎవరు? అతనికి ఎదురుగా నిలబడి ఆడించినవాళ్లు. మా కొలత ఎక్కడ నుంచి మొదలవ్వాలో వాళ్లే చూపించారు.

మహిళల లీగ్‌ని ఈ ఉద్యమం పక్కన పెట్టదు. 2025 ఆగస్టు 2న లాస్ వేగస్ ఏసెస్ మినెసోటా చేతిలో 53 పాయింట్ల తేడాతో ఓడి 14–14 దగ్గర నిలిచింది. అక్కడి నుంచి కోచ్ బెకీ హామన్ జట్టు మిగిలిన 16 మ్యాచ్‌లూ గెలిచి, ఫైనల్స్‌లో ఫీనిక్స్‌ని 4–0తో ఓడించి, ఆమెకి మూడో టైటిల్ తెచ్చింది. ఆ ఏటి ఉత్తమ కోచ్ అవార్డు కొత్తగా పుట్టిన గోల్డెన్ స్టేట్ వాల్కరీస్ కోచ్ నటలీ నకాసేకి వచ్చింది. ఆమె అంతకుముందు హామన్ దగ్గర అసిస్టెంట్. ఒకే సీజన్‌లో జట్టుని గోతిలోంచి లాగడం ఒకటి, తన దగ్గర నేర్చుకున్న మనిషి అవార్డు అందుకోవడం ఇంకొకటి. రెండూ హామన్ పట్టీలో రాస్తాం.

మా పద్ధతి

మ్యాచ్ జరుగుతుండగానే రాస్తాం. టైమ్‌అవుట్ అయ్యాక ఏ ఐదుగురు వచ్చారు, ఎవరు ఎవర్ని కాపలా కాస్తున్నారు, సైడ్‌లైన్ నుంచి బంతి లోపలికి వచ్చాక మొదటి పాస్ ఎటు పోయింది అన్నవి అప్పటికప్పుడు, సమయంతో సహా. ఆ నిర్ణయం మీద మన అభిప్రాయం కూడా ఫలితం తెలియకముందే. తెల్లారాక స్కోరు చూసి రాసిన తీర్పు మా దగ్గర చెల్లదు. ప్లేఆఫ్స్ సిరీస్ అయితే మొదటి మ్యాచ్‌కీ మూడోదానికీ మధ్య కోచ్ ఏం మార్చాడన్నది విడిగా రాయాలి, ఏం మార్చలేదో కూడా.

ఆటగాళ్ల ఎదుగుదల ఒక్క సీజన్‌లో తేలదు. కనీసం మూడేళ్లు చూస్తాం: వచ్చినప్పుడు ఏం చేయగలిగేవాడు, ఇప్పుడేం చేయగలడు, వేరే జట్టుకి వెళ్లాక కూడా ఆ విద్య నిలిచిందా. గాయాలు, ట్రేడ్‌లు, డ్రాఫ్ట్‌లో పడ్డ అదృష్టం, ఇవన్నీ పట్టీలో ఎడమ వైపు ముందే రాసుకుంటాం. అసిస్టెంట్లలో ఎవరు ఏ బాధ్యత చూస్తున్నారో బయటికి తెలిసినంత మేరకు పేరు పెట్టి రాస్తాం. వార్షిక తీర్పు జూన్‌లో ఫైనల్స్ ముగిశాకే ఇస్తాం. ప్రతి తీర్పు కిందా రాసినవాళ్ల పేరు ఉంటుంది, కారణం ఉంటుంది. కారణం లేని ఓటు లెక్కించం.

కోచ్‌ని తిట్టడం మాకు నిషిద్ధం. "తీసేయాలి" అన్న మాట మా పట్టీల్లో ఎక్కడా కనపడదు.

మా వరస

ప్రణాళిక రాసి, సొంత అభిప్రాయం దాచుకోవడం పిరికితనం. అందుకని మా తొలి వరస ఇక్కడే పెడుతున్నాం. వాదనతో వచ్చిన ఎవరైనా మార్పించవచ్చు.

మొదట పోపోవిచ్. 1,422 గెలుపుల రికార్డు కోసమని కాదు. 1996 డిసెంబర్‌లో 3–15తో ఉన్న జట్టుని తీసుకుని 20–62తో ముగించాడు, డేవిడ్ రాబిన్సన్ గాయంతో ఆరు మ్యాచ్‌లే ఆడాడు. ఆ ఓటముల పుణ్యాన డ్రాఫ్ట్‌లో డంకన్ దొరికాడు. అది పూర్తిగా అదృష్టం, ఎడమ వైపు పెద్ద అక్షరాల్లో రాశాం. చివరి దశలో 22–60 చొప్పున రెండు సీజన్లు, అవీ రాశాం. అయినా ఆయనే మొదట ఎందుకంటే, ఆ మధ్యలో వరసగా 22 ఏళ్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లిన జట్టు ఒకే రకం ఆట ఆడలేదు. 1999లో ఇద్దరు ఎత్తైన మనుషుల చుట్టూ నెమ్మదిగా నడిచిన జట్టే 2014లో పాస్‌ల జట్టయింది. మనుషులకి తగ్గట్టు తన నమ్మకాల్ని మార్చుకోగలిగిన కోచ్‌లు చాలా కొద్దిమంది. ఆయన కింద పనిచేసినవాళ్లు, ఆడినవాళ్లు – కెర్, బూడెన్‌హోల్జర్, హామన్, మైక్ బ్రౌన్, ఇంకా ఎందరో – సగం లీగ్‌ని నడిపారు.

రెండో చోట అవర్‌బాక్. కప్పులకంటే ముందు మేం చూసింది ఆయన దగ్గర ఆడి కోచ్‌లైనవాళ్లని: బిల్ రసెల్, కె.సి. జోన్స్, టామ్ హైన్సన్, బిల్ షార్మన్ – నలుగురూ కోచ్‌లుగా కూడా ఎన్‌బీఏ కప్పు గెలిచారు. 1966లో రసెల్‌ని లీగ్‌లో తొలి నల్లజాతి ప్రధాన కోచ్‌ని చేసింది ఆయనే. మూడు జాక్సన్, నాలుగు స్పోల్‌స్ట్రా. నాలుగో చోటు మాలో చాలా గొడవ పెట్టింది, ఇంకో పదేళ్లకి ఆయన పైకి పోతాడని కొందరు ఇప్పుడే పందెం కాస్తున్నారు. ఐదు స్లోన్. కప్పు లేని స్లోన్‌ని ఐదు కప్పుల పాట్ రైలీ కంటే ముందు పెట్టడం చాలామందికి మింగుడు పడదని తెలుసు. రండి, వాదించండి.

వచ్చే అక్టోబర్‌లో సీజన్ మొదలైన రోజు నుంచి పని మొదలవుతుంది. చేరాలనుకునే ప్రతివాళ్లూ ఒక టీమ్‌ని ఎంచుకుని, ఆ టీమ్ 82 మ్యాచ్‌ల పట్టీ తామే రాయాలి. లేకర్స్, వారియర్స్ రాయడానికి చేతులెత్తేవాళ్లు అప్పుడే ఎక్కువయ్యారు. మాకు షార్లెట్, వాషింగ్టన్, యూటా రాసేవాళ్లు కావాలి. ఏడాదికి అరవై మ్యాచ్‌లు ఓడే జట్టులో ఒక కోచ్ ఇరవై ఏళ్ల కుర్రాడికి స్క్రీన్ ఎలా పెట్టాలో నేర్పుతుంటాడు; ఆ పని చూసి రాసేవాళ్లు ఎవరూ లేరు. ఆ టీమ్‌ల పేర్లు చెప్పినవాళ్లనే ముందు చేర్చుకుంటాం.